పదకొండు సగం కోర్సులు

"ఎల్లుండి" అన్నాడతను.

"ఎల్లుండా? చీటీ మీద ఎర్ర ఇంకుతో అర్జెంటు అని రాసుంది. కనిపించలేదా?"

"కనిపించింది. రాసింది డాక్టరుగారు, చదవాల్సింది బ్యాక్టీరియా. దానికి చదువు రాదండీ. దాని తీరిక చూసుకుని అది పెరుగుతుంది."

"భలే చెప్పారు. మనిషి మంచం మీద మూలుగుతుంటే జోకులు!"

అతను జోకు వెయ్యలేదు. మూత్రంలో బ్యాక్టీరియా ఉందో లేదో తెలియాలంటే దాన్ని ప్లేటు మీద పెంచాలి. అది ఒక రోజు. ఏ మందుకి చస్తుందో చూడాలి. అది ఇంకో రోజు. నాలుగేళ్లుగా రోజుకి యాభైసార్లు ఇదే సంగతి చెప్పి చెప్పి, చివరికి ఒకే మాటకి కుదించాడు. ఆస్పత్రిలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "ఎల్లుండికి ఫోన్ కొట్టు" అంటారు వార్డుల్లో నర్సులు.

మైక్రోబయాలజీ ల్యాబు నేల కింద ఉంది. గోడకి జానెడు ఎత్తుండే ఒక కంత. శాంపిల్ సీసాలు అందులోంచే లోపలికి వస్తాయి, కాగితాలు అందులోంచే బయటికి వెళ్తాయి. అతనికి మనుషుల మొహాలు కనిపించవు, చేతులు కనిపిస్తాయి. ఇప్పుడు కనిపిస్తున్న చేయి సన్నగా ఉంది. బొటనవేలి లోపలివైపు కాయ కాసింది. రోజంతా కత్తెర పట్టే చేయి అది.

"వయసు?" అడిగాడు ఫారం నింపుతూ.

"అరవై ఆరు. మా పెద్దమ్మ. షుగరుంది. శనివారం నుంచి జ్వరం, మంట, నడుము నొప్పి."

"యాంటీబయాటిక్ ఏమైనా వేశారా? ఒక్క మాత్రయినా?"

చేయి ఒక్క క్షణం కదలకుండా ఆగింది.

"లేదు."

"నిజంగా?"

"నేను ఫార్మసిస్టునండీ. ఎదురుగా ఉన్న మందుల షాపు మాదే. అంటే, నేను అందులో పని చేస్తాను. శాంపిల్ తీశాకే మాత్ర వెయ్యాలని నాకు మీరు చెప్పాలా?"

"అక్కర్లేదు. ఎల్లుండి రండి."

చేయి విసురుగా వెళ్లిపోయింది. పైన వాన మొదలైనట్టుంది, మెట్ల మీద తడి చెప్పుల చప్పుడు దూరమైంది. అతను సీసా మూత తిప్పి పని మొదలుపెట్టాడు.

సాయంత్రం గదికి వెళ్లేదాకా మళ్లీ ఎవరితోనూ మాట్లాడలేదు. గదికి వెళ్లాక మాట్లాడ్డానికి ఎవరూ లేరు. అతని ఫోన్ మోగడానికి రెండే కారణాలు. రిపోర్టు, లేకపోతే రాంగ్ నంబరు.

* * *

మంగళవారం పొద్దున ఆ ప్లేటు చూసి అతను కుర్చీలోంచి లేచాడు.

ప్లేటు ఖాళీగా ఉంది.

ఏ బ్యాక్టీరియా లేకపోతే ఖాళీగానే ఉంటుంది, అందులో వింత లేదు. కానీ నిన్న అదే మూత్రాన్ని అతను మైక్రోస్కోపు కింద చూశాడు. చీము కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వాటి మధ్య ఎర్రటి కడ్డీల్లా బ్యాక్టీరియా. సంతలో జనంలా ఉంది. ఇవాళ చూస్తే కర్ఫ్యూ పెట్టినట్టు ఒక్కటీ లేదు.

నిన్నున్నవాళ్లు రాత్రికి రాత్రే ఏమయ్యారు?

ల్యాబులో ఒక పిరికి బ్యాక్టీరియా ఉంది. ఏ మందు తగిలినా చచ్చిపోయే రకం. అందుకే పెంచుతారు దాన్ని. దాన్ని కొత్త ప్లేటు నిండా పరిచాడు. చిన్న గుండ్రటి కాగితం ముక్కని ఆ పెద్దమ్మ మూత్రంలో ముంచి ప్లేటు మధ్యలో పెట్టాడు. ఆ మూత్రంలో మందు లేకపోతే కాగితం చుట్టూ బ్యాక్టీరియా పెరుగుతుంది. మందు ఉంటే కాగితం చుట్టూ చచ్చి, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది.

బుధవారం పొద్దున ప్లేటు తీశాడు.

మధ్యలో ఉంగరంలా, గీసినట్టు, స్పష్టంగా రింగు ఉంది.

ఫార్మసిస్టు గారు అబద్ధం చెప్పారు.

* * *

పదింటికి చేయి కంతలోకి వచ్చింది. "రిపోర్టు" అంది గొంతు.

"లోపలికి రండి."

"ఎందుకు? కాగితం ఇస్తే చాలు."

"కాగితం మీద 'ఏమీ పెరగలేదు' అని రాయగలను. రాసేస్తే మీరు సంతోషంగా వెళ్లిపోతారు. తలుపు అటువైపుంది, రండి."

నాలుగేళ్లలో అతను ఆ తలుపు తీసి ఒక మనిషిని లోపలికి రానివ్వడం అదే మొదటిసారి. ఆమె తెల్లకోటులో ఉంది. తడిసిన జుట్టుని క్లిప్పుతో ఎలాగో పైకి లాగి కట్టింది. కళ్లు సరిగ్గా నిద్రపోని మనిషివి. అంత చిన్న మొహంలోంచి సోమవారం అంత పెద్ద గొంతు ఎలా వచ్చిందా అనుకున్నాడు.

భద్రత కోసం పెట్టిన అద్దం వెనకనుంచి ప్లేటు చూపించాడు. "ఈ రింగు ఏంటో తెలుసా?"

ఆమె చూసింది. ఫార్మసీ చదివినమ్మాయి, చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి.

"అది మీ పెద్దమ్మగారి మూత్రం చేసిన రింగు. అందులో మందుంది."

"మీరు నన్ను పట్టుకోడానికి పరీక్ష చేశారా?"

"మిమ్మల్ని కాదండీ, బ్యాక్టీరియాని. అది మీ వెనక దాక్కుంది."

"పోలీసువాడిలా మాట్లాడకండి!"

"ఎన్ని మాత్రలు?"

"చెప్పను."

"సరే, చెప్పకండి. నేను ఈ కాగితం మీద ఏమీ లేదని రాస్తాను, డాక్టరుగారు మీ పెద్దమ్మగారికి ఏమీ లేదనుకుంటారు. బావుందా?"

ఇంక్యుబేటర్ మోటారు ఒక్కటే గురగురమంటోంది.

"మూడు" అంది చివరికి. "ఆదివారం సాయంత్రం ఒకటి, సోమవారం రెండు. జ్వరం తగ్గింది. ఆపేశాను."

"ఆపేశారా?"

"తగ్గింది కదా!"

"తగ్గలేదు. తల దించుకుంది. మూత్రంలో మందు చిక్కగా చేరుతుంది, ఆ ధాటికి నా ప్లేటు మీద మొలవలేదు. కిడ్నీలో మాత్రం..."

ఆమె ఫోన్ మోగింది. ఎత్తి ఒక్క నిమిషం విన్నది. పక్కింటావిడ. పెద్దమ్మ వణికిపోతోందట, మంచం ఊగేలా. పేరడిగితే ఇంకేదో చెబుతోందట.

ఆమె పరిగెత్తింది. గోడకి కొక్కేనికి వేలాడుతున్న గొడుగు తీసుకుని అతనూ పరిగెత్తాడు. ఎందుకో అతనికే తెలియదు. రోడ్డు దాటేసరికి ఇద్దరూ తడిశారు. గొడుగు తెరవాలని ఇద్దరికీ తోచలేదు.

* * *

వార్డు డాక్టరమ్మ మాట తక్కువ మనిషి. అప్పుడే ఆటోలో తెచ్చి చేర్చిన పెద్దమ్మ నాడి పట్టుకుని, నడుము మీద మెల్లగా తట్టి, ఆవిడ అరిచాక, అడిగింది. "ఇప్పటిదాకా ఏం మందులు వాడారు?"

పక్కన ఇద్దరు నర్సులు ఉన్నారు. గుమ్మం దగ్గర అతను ఉన్నాడు, చేతిలో తెరవని గొడుగుతో. ఆమె అతని వైపు చూసింది. అతను నేల చూశాడు. ఆ మాట ఆమే చెప్పాలి.

"నేనే ఇచ్చాను డాక్టర్. చీటీ లేకుండా. మూడు మాత్రలు. ఇది మొదటిసారి కాదు. మూడేళ్లుగా ఇస్తున్నాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "రక్తం, మూత్రం ముందు తీయండి. ఆ తర్వాతే ఇంజెక్షన్. ఏ ఇంజెక్షన్ పనిచేస్తుందో నాకిప్పుడు తెలియదు. ఊహించి వేస్తున్నాను. అర్థమైందా అమ్మాయ్? ఇన్ఫెక్షన్ కిడ్నీ దాటి రక్తంలోకి వెళ్లింది. మూడేళ్లలో ఏమేం ఇచ్చావో, ఎన్ని రోజులిచ్చావో నాకు మొత్తం రాసి కావాలి."

శాంపిల్ సీసాలు అతనే స్వయంగా కిందికి తీసుకెళ్లాడు. ప్లేట్లు వేశాడు. మామూలుగా అయితే ఇవాళ పెంచి, రేపు మందుల పరీక్ష పెట్టి, ఎల్లుండి చూస్తాడు. ఈసారి అలాగే పెడుతూ, దాంతోపాటు ఇంకో ప్లేటు మీద మూత్రాన్నే నేరుగా పరిచి, దాని మీద పన్నెండు మందులు పట్టించిన చిన్న కాగితం బిళ్లలూ పెట్టేశాడు. ఇది దొడ్డిదారి. ఒక రోజు ముందు జవాబు వస్తుంది. కానీ నమ్మడానికి లేదు, ఒక్కోసారి తప్పు చెబుతుంది.

ఒకసారి చెప్పింది కూడా. ల్యాబులో చేరిన కొత్తలో ఒక వార్డునుంచి బతిమాలుతుంటే దొడ్డిదారి ఫలితం ఫోన్లో చెప్పేశాడు. మర్నాడు అసలు ఫలితం వేరేలా వచ్చింది. రోగి బతికాడు గానీ, పదిహేను రోజులు ఎక్కువ పడుకున్నాడు. ఆ రోజునుంచి రిపోర్టు పూర్తికాకుండా అతను నోరు విప్పలేదు. ఏ విషయంలోనూ విప్పలేదు.

మధ్యాహ్నం టీ కప్పులు రెండు పట్టుకుని వార్డుకి వెళ్లాడు. ఆమె వరండా బల్ల మీద ఖాళీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది.

"మొదలు పెట్టలేదా?"

"పెట్టాను. 'డాక్టరుగారికి' అని రాశాను." ఆమె టీ తీసుకుంది. "మీరు చెప్పండి, నేను రాస్తా అనకండి. ఏడుస్తాను."

"మీరు చెప్పండి, నేను రాస్తా."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. తర్వాత చెప్పింది.

"మొదటిది, మూడేళ్ల కింద వానాకాలంలో. మర్నాడు నాకు ఫైనల్ పరీక్ష. పెద్దమ్మకి మంట. ఆస్పత్రికొస్తే రోజంతా పోతుంది. 'నీళ్లు తాగితే పోతుందే' అంది. నేను ఊరుకోలేదు. ఐదు రోజుల కోర్సు, రెండు రోజులిచ్చాను."

"రెండు" అని రాశాడు.

"రెండోది, షాపులో చేరిన వారం. సెలవడిగే మొహం లేదు. మూడోది, అప్పటికి మిగిలిపోయిన మాత్రలే. నాలుగోది కూడా వాటితోనే సరిపెట్టా."

"మీ షాపులో మందుకి కొరవా?"

"లేదు. షాపులో రోజంతా స్ట్రిప్పులు కత్తిరిస్తానండీ. రెండు చాలమ్మా, మూడు చాలమ్మా అంటారు జనం. పది మాత్రల స్ట్రిప్పు పూర్తిగా కొనేవాళ్లు ఎవరు? కత్తిరించీ కత్తిరించీ, మందంటేనే కత్తిరించి ఇచ్చేది అనిపించేసింది. ఇంట్లో కూడా అదే చేశాను."

బొటనవేలి మీద కాయ తెచ్చిన కత్తెర ఏం కత్తిరిస్తుందో అతనికి ఇప్పుడు అర్థమైంది.

ఏడోది ఇల్లు మారినప్పుడు. ఎనిమిదోది సంవత్సరాంతం స్టాకు లెక్కల రోజు. తొమ్మిదో దాని దగ్గర ఆమె ఆగింది.

"ఒకతను ఉండేవాడు. పెళ్లిదాకా వచ్చింది. ఇంటికొచ్చి మాట్లాడతానన్నాడు. ఆ పొద్దున్నే పెద్దమ్మకి జ్వరం. 'నేను బాగానే ఉన్నా, నీ చీర సంగతి చూసుకో' అంది. మాత్రిచ్చి కూర్చోబెట్టా. అతనొచ్చాడు, టీ తాగాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర అడిగాడు. 'ఆవిడ కూడా మనతోనే ఉంటుందా?' అని."

"మీరేమన్నారు?"

"ఉంటుందన్నాను. మళ్లీ రాలేదు."

అతను పెన్ను కాగితం మీద ఆనించి అడిగాడు. "ఆ కోర్సు ఎన్ని రోజులు?"

"ఒక పూట. అతను వెళ్లేదాకా."

మొత్తం పదకొండు. ఒక్కటీ పూర్తికాలేదు. అతను ఆ కాగితం రెండుసార్లు చదివాడు. డాక్టరమ్మకి అది మందుల జాబితా. అతనికి మాత్రం ఒక మనిషి మూడేళ్ల బతుకు ఒక పేజీలో చదివినట్టుంది. తన మూడేళ్లు రాస్తే ఎన్ని లైన్లు వస్తాయి? ఒకటి కూడా రాదేమో.

"ప్రతిసారీ తగ్గిందండీ" అందామె. "తగ్గకపోతే ఇచ్చేదాన్ని కాదు కదా!"

"ప్రతిసారీ మెత్తనివి చచ్చాయి. మొండివి మిగిలాయి. పదకొండుసార్లు ఏరి ఏరి మొండివాటినే మిగిల్చాం. మొండివాడు రాజుకన్నా బలవంతుడు."

"మిగిల్చాం అంటున్నారు. మీరేం చేశారు? మిగిల్చింది నేను."

ఆ 'మిగిల్చాం' నోట్లోంచి ఎలా దొర్లిందో అతనికీ తెలియలేదు.

"అమ్మానాన్నలు నాకు గుర్తు కూడా లేరు. నన్ను పెంచడానికి ఆవిడ పెళ్లి మానేసింది" అంది ఆమె, వార్డు తలుపు వైపు చూస్తూ. "ఆవిడ పోతే నాకు ఫోన్ చేసి తిన్నావా అని అడిగే మనిషి ఈ భూమ్మీద లేదు. ఆ మనిషిని నేనే..."

"రేపటిదాకా ఆగండి" అన్నాడతను. అంతకంటే అతని దగ్గర ఇంకేం లేదు.

* * *

గురువారం పొద్దున ఎనిమిదికి దొడ్డిదారి ప్లేటు తీశాడు.

పన్నెండు బిళ్లలు. పది బిళ్లల్ని బ్యాక్టీరియా ఆనుకుని పెరిగింది, గోడకి నాచు పట్టినట్టు. రెండింటి చుట్టూ మాత్రమే రింగులు. వాటిలో ఒకటి మూత్రాశయానికే పనికొచ్చే మాత్ర, రక్తంలో ఇన్ఫెక్షన్‌కి చాలదు. రెండోది ఒక ఇంజెక్షన్. ఆస్పత్రిలో ఆఖరికి తీసే రకం.

నిన్నటినుంచి పైన ఎక్కుతున్న ఇంజెక్షన్ ఆ పదింటిలో ఉంది.

ఫోన్ మోగింది. వార్డు నర్సు. "ఎల్లుండి గారూ, ఏమైనా తెలిసిందా? పద్నాలుగో మంచం పెద్దావిడ బీపీ పడిపోతోంది. డాక్టరమ్మ అడుగుతోంది."

"ఇంకా..." అన్నాడు.

ఇంకా పూర్తికాలేదు. అసలు ఫలితం రేపు వస్తుంది. దొడ్డిదారి తప్పితే? ఆ ఆఖరి ఇంజెక్షన్ కూడా పనిచెయ్యకపోతే? ఆ రోజు పదిహేను రోజులు ఎక్కువ పడుకున్న మనిషి మంచం నంబరు కూడా అతనికి గుర్తుంది.

రేపటిదాకా ఆగితే అతని తప్పేం ఉండదు. రిపోర్టు నిర్దోషిగా వెళ్తుంది. పద్నాలుగో మంచం మాత్రం ఖాళీగా ఉండొచ్చు.

ఫోన్ పెట్టేసి మెట్లెక్కాడు. రెండేసి మెట్లు.

"డాక్టర్, ఇది పూర్తి రిపోర్టు కాదు" అన్నాడు ఆయాసపడుతూ. "నేరుగా వేసిన ప్లేటు. ఇప్పుడు ఎక్కుతున్న ఇంజెక్షన్ పక్కన ఒక్క మిల్లీమీటరు కూడా రింగు లేదు. ఇది ఒక్కటే పనిచేస్తోంది." కాగితం చాపాడు.

డాక్టరమ్మ కాగితం చూసింది, అతన్ని చూసింది. "నువ్వు ముందుగా చెప్పవు కదా?"

"చెప్పను."

"తప్పయితే?"

"నా పేరు రాసుకోండి, డాక్టర్. నేను చెప్పానని."

ఆవిడ నర్సు వైపు తిరిగింది. "ఆ బాటిల్ ఆపు. ఇది తెప్పించు."

మంచం పక్కన ఆ అమ్మాయి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఏం జరిగిందో ఆమెకి పూర్తిగా అర్థమైంది. అతనికి ఏదో చెప్పబోయింది. అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

శుక్రవారం అసలు ఫలితం వచ్చింది. పన్నెండుకి పన్నెండూ అవే. అతను ఆ ప్లేటుని పక్కన పెట్టి, బల్ల మీద తలవాల్చి, ఎవరూ చూడ్డంలేదు కాబట్టి, కాసేపు అలాగే ఉండిపోయాడు.

* * *

ఆదివారానికి పెద్దమ్మ లేచి కూర్చుంది. ఆవిడ ముప్ఫయ్యేళ్లు టెలిఫోన్ ఎక్సేంజిలో ఆపరేటరు. గొంతు తిరిగొచ్చిన మరుక్షణం వార్డంతా ఆవిడదే.

"ఏమే పిచుకా, ఆ అబ్బాయేనా? మూడుసార్లొచ్చాడు, మూడుసార్లూ నా కాలి గోళ్లు చూసి వెళ్లాడు. మొహం చూడ్డం రాదా?"

"పెద్దమ్మా! ఆయన ల్యాబాయన. వినిపిస్తుంది."

"వినిపించాలనే కదా అంటున్నా. ఇలా రా బాబూ. నా వంట్లో పురుగుని పట్టింది నువ్వేనటగా. ఎలా ఉందది?"

"మొండిదండీ."

"మరి! మా ఇంట్లో పెరిగింది." ఆవిడ కడుపున పుట్టని ఆ కూతురి చెవి పట్టుకుని లాగింది. "దీన్నేం అనకు. నేనే చెప్పేదాన్ని, డాక్టరొద్దు, నువ్వే ఇచ్చెయ్యి, రోజంతా లైన్లో ఎవరు కూర్చుంటారూ అని. సగం తప్పు నాది. సగం సగం పంచుకోడం మాకలవాటు."

ఇద్దరూ నవ్వారు. అతనికి నవ్వు రాలేదు. ఒకరి చెవి ఒకరు లాగే ఆ చిన్న సందులో తనకి చోటెక్కడుందో చూసుకుంటున్నాడు. కనిపించలేదు.

"ఇంజెక్షన్లు పది రోజులూ పూర్తవ్వాలి" అన్నాడు, ఇంకేం తోచక.

"పదీ పూర్తి చేయిస్తా" అందామె. ఆ చూపులో ఇంకేదో ఉంది. అతను చూశాడు. ప్లేటు మీదున్నది చదవడం వచ్చినంత బాగా అతనికి కళ్లల్లోది చదవడం రాదు. లేచి వచ్చేశాడు.

పదో రోజు ఇంజెక్షన్ అయ్యాక వాళ్లు ఇంటికెళ్లిపోయారు. వార్డులో ఎవరో చెబితే తెలిసింది.

తర్వాత వారం రోజులు ఏమీ జరగలేదు.

ఏమీ జరగకపోవడం అతనికి కొత్త కాదు. నాలుగేళ్లుగా ఏమీ జరగలేదు, హాయిగానే ఉండేది. ఇప్పుడు మాత్రం కంతలోకి ఏ చేయి వచ్చినా బొటనవేలు చూస్తున్నాడు. మధ్యాహ్నం పైకొచ్చి, రోడ్డు ఇవతల నిలబడి, వాన తెర వెనక షాపు వైపు చూస్తున్నాడు. ఆమె కనిపిస్తోంది. ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది. చీటీ లేకపోతే యాంటీబయాటిక్ ఇవ్వడం మానేసిందట. ఉన్నా, కోర్సు మొత్తం కొంటేనే ఇస్తుందట. సగం మంది తిట్టుకుంటూ పక్క షాపుకి పోతున్నారని, ఓనరు ధుమధుమలాడుతున్నాడని క్యాంటీన్లో అనుకున్నారు.

వెళ్లి ఏమని పలకరించాలి? పెద్దమ్మగారెలా ఉన్నారు అని అడగొచ్చు. ఆ తర్వాత? ఆ తర్వాత మాట అతని దగ్గర లేదు. రోడ్డు ఇరవై అడుగులు కూడా లేదు. దాటలేదు.

అటువైపు ఆమె కూడా అతన్ని రోజూ చూస్తోందని, తన తప్పు మొత్తం పేజీ నిండా రాసుకున్న మనిషి ముందుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలా అని ఆగిపోతోందని అతనికి తెలియదు.

* * *

వాళ్లు ఇంటికెళ్లిన తొమ్మిదో రోజు అతనికి జ్వరమొచ్చింది. మూడు రోజులు ల్యాబుకి అలాగే వచ్చాడు. మూడో రోజు మధ్యాహ్నం ప్లేటు మీద అంకె రెండుగా కనిపించాక, ఇక తప్పక, రోడ్డు దాటాడు.

"జ్వరం మాత్ర" అన్నాడు కౌంటరు దగ్గర. "రెండు చాలు."

ఆమె కత్తెర పట్టుకోలేదు. అతన్ని ఎగాదిగా చూసింది. "ఎవరికి?"

"నాకే."

"ఎన్ని రోజులనుంచి?"

"మూడు. దానంతటదే తగ్గిపోతుంది."

"డాక్టరుకి చూపించారా?"

"అంత అవసరం లేదండీ..."

"ఇంట్లో ఎవరున్నారు?"

అతను జేబులో చిల్లర వెతుక్కున్నాడు. ఆమె కౌంటరు తలుపెత్తి బయటికొచ్చి, అడక్కుండా, నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టి, తియ్యలేదు. షాపులో ఇద్దరు ముగ్గురు జనం ఉన్నారు. వాళ్లకి చూడ్డానికి బాగానే ఉంది.

"నిప్పులా కాలిపోతోంది! మూడు రోజులా? బుద్ధుందా మీకు? ఊరందరి మూత్రాలూ పరీక్ష చేస్తారు, మీ ఒళ్లు మీరు చూసుకోరా? పదండి."

"మాత్ర ఇవ్వండి, నేనే..."

"ఇవ్వను. ఈ షాపులో మీకు ఏ మాత్రా ఇవ్వను. ముందు డాక్టరు."

"మీ ఓనరు..."

"ఆయన రోజూ తిడుతూనే ఉన్నాడు. ఇవాళ ఇంకో కారణం దొరుకుతుంది, పాపం."

ఈసారి గొడుగు తెరిచింది. దాని కింద ఇద్దరూ సరిగ్గా పట్టలేదు, అతని ఎడమ భుజం తడిసింది. అతను చెప్పలేదు. ఓపీ గదిలో ముప్ఫై మంది ముందున్నారు. గోడవారగా బెంచీ చివర ఇద్దరికీ కాస్త చోటు దొరికింది. అతను ఆ ఆస్పత్రిలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు, అక్కడ రోగిగా ఎప్పుడూ కూర్చోలేదు.

"మీరు వెళ్లండి" అన్నాడు. "పెద్దమ్మగారు ఎదురుచూస్తారు."

"ఆవిడకి ఫోన్ చేశాను. ఏమందో తెలుసా? 'ఆ అబ్బాయిని రోడ్డు దాటించడానికి జ్వరం రావాల్సొచ్చిందా? ఇద్దరికీ బుద్ధి లేదే' అంది."

"ఇద్దరికీ అన్నారా?"

"ఇద్దరికీ." ఆమె కిందికి చూసి కొంగు సర్దుకుంది. "ఇన్ని రోజులూ నేను కూడా దాటలేదు కదా."

వాన అద్దాల మీద కొడుతోంది. అతనికి జ్వరంలో మాట తేలిగ్గా వచ్చింది. లేకపోతే వచ్చేది కాదు.

"వరండాలో మీరు చెప్పిన ఆ పదకొండూ... నాకు కంఠతా వచ్చేశాయి. తొమ్మిదో దాని దగ్గర నా మనసు ఊరుకోలేదు. ఆ అడిగినవాడి స్థానంలో నేనుంటే, ఆవిడ మనతోనే ఉంటుందా అని అడిగేవాణ్ణి కాదు. నన్ను కూడా మీతో ఉంచుకుంటారా అని అడిగేవాణ్ణి."

అతను తన చెప్పులు చూసుకుంటూ, జ్వరంలో వాగాను అని చెప్పుకోవడానికి సిద్ధమవుతున్నాడు.

గది తలుపు తెరుచుకుంది. నర్సు కాగితం చూస్తూ అతని నంబరు పిలిచింది. అతను లేచాడు, తూలాడు. ఆమె భుజం కింద చెయ్యేసి పట్టుకుంది.

నర్సు మామూలుగా అడిగింది, రోజుకి వందసార్లు అడిగేటట్టే. "పేషెంటు తాలూకు ఎవరమ్మా?"

"నేను" అందామె.

లోపల డాక్టరుగారు గొంతు చూసి, ఛాతీ విని, మామూలు వైరల్ జ్వరమని, యాంటీబయాటిక్ అసలు అక్కర్లేదని, పడుకుని నీళ్లు తాగితే చాలని చెప్పారు. ఆమె మాత్రం, ఎన్ని రోజులు పడుకోవాలి, ఎన్ని గంటలకోసారి నీళ్లివ్వాలి, ఏం తినాలి అని, కాగితం తీసుకుని ఒక్కొక్కటే రాసుకుంటూ కూర్చుంది.